ముద్రలు, పాట లేకుండా ఆ నలుగుబాటు తెలుస్తుందా?

కాంటెంపరరీ డాన్స్‌లో కథ, సాహిత్యం ఉండవు కదా, మనసు ఒకవైపు లాగుతుంటే గెలిచి తీరాలని లోకం ఇంకోవైపు నెట్టే స్థితి చూసేవాళ్లకి ఎలా అందుతుంది అని ఒకరు అడిగారు. నేను చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుని, తర్వాత బెంగళూరులో కాంటెంపరరీ క్లాసులకి వెళ్లాను. అక్కడ తెలిసింది చెబుతాను.

అద్దాల్లేని గదిలో కళ్లు మూసుకుని ఒంటికి తోచినట్టు కదలమన్నారు. నా చేతులు వాటంతటవే కూచిపూడిలో నేర్చుకున్న పతాక హస్తం అనే ముద్ర పట్టేశాయి. పోటీల్లో జడ్జీల కోసం అలవాటైన నవ్వు మొహం మీదికి వచ్చేసింది. తోచినట్టు చేయమంటే ముందు బయటికొచ్చేది మనకి నేర్పిందే. బాగా అలిసిపోయి, అది జారిపోయాక గానీ సొంత కదలిక రాదు. అందుకే ఈ డాన్సుల్లో ఒకే కదలికని అన్నిసార్లు చేయిస్తారు.

జర్మన్ నృత్య దర్శకురాలు పీనా బౌష్ 1975లో జర్మనీలోని వుప్పర్తాల్‌లో చేసిన 'ది రైట్ ఆఫ్ స్ప్రింగ్' చూడండి. వేదికంతా మట్టి పరుస్తారు. ఒక ఎర్ర గౌను అమ్మాయిల చేతులు మారుతుంది. ఎంపికైన అమ్మాయి దాన్ని తొడుక్కుని ప్రాణం పోయేదాకా ఆడాలి. చెమటకి మట్టి అంటుకుంటుంది, రొప్పడం మనకి వినిపిస్తుంది. ఆ ఆయాసం నటన కాదు. ఎంపిక కావడం వరమా, శిక్షా అని నాకైతే ర్యాంకుల చదువులే గుర్తొచ్చాయి.

మన దగ్గర చంద్రలేఖ అనే నర్తకి ఉండేవారు. 1952లో ఆమె భరతనాట్య అరంగేట్రం రాయలసీమ కరువు సహాయ నిధి కోసం జరిగింది. 'మధురా నగరిలో' పాటకి ఆడుతూ యమునలో జలక్రీడలు అభినయిస్తుంటే, నీళ్లు లేక నెర్రెలిచ్చిన నేల కళ్ల ముందుకొచ్చి ఆ వైరుధ్యం తనని కుదిపేసిందని ఆమె చెప్పారు. మంచి పేరొచ్చాక కూడా చాలాకాలం వేదికకి దూరంగా ఉన్నారు. 1985లో కేరళ యుద్ధకళ కలరిపయట్టునీ, యోగానీ కలిపి 'అంగిక'తో తిరిగొచ్చారు. మెప్పుకోసం ఆడటం మానేస్తే ఒళ్లు ఏం చెబుతుందో వినడానికి అంత ఓపిక పట్టిన మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ధైర్యం వస్తుంది.

టీవీ పోటీల్లోని కాంటెంపరరీ రౌండ్లు చూసి మాత్రం ఒక అభిప్రాయానికి రాకండి. కొద్ది నిమిషాల్లో మార్కులు రావాలన్న టెన్షన్‌లో ఈ కళకి అసలు ఊపిరాడదు. వీలైతే నేరుగా ముందు వరుసలో కూర్చుని చూడండి. అర్థం వెతకడం కాసేపు పక్కనపెట్టి ఆడేవాళ్ల శ్వాస, మోకాళ్లు గమనించండి.