నంబర్ తగ్గుతోంది, పాపని నిలదీయకండి

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మా పాపకి ఏడేళ్లు. ఎదుగుదల లేదని, రక్తం తక్కువగా ఉందని చూపిస్తే సీలియాక్, అంటే గోధుమ పడక పేగు దెబ్బతినే జబ్బు అన్నారు. అప్పుడు టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్షలో ఉండాల్సిన దానికి పది రెట్లు పైనే వచ్చింది. గోధుమ మాన్పించి పది నెలలైంది, బరువు పెరిగింది, కడుపునొప్పి లేదు. కానీ మొన్నటి రిపోర్టులో ఇంకా మూడు రెట్లు ఉంది. స్కూల్లో ఎవరి బాక్సులోదో తింటోందని మావారు, అత్తగారు రోజూ అడుగుతుంటే అది ఏడుస్తూ టిఫిన్ బాక్సు తెరిచి చూపిస్తోంది. ఇంట్లో ఒకటే టెన్షన్. తమ్ముడికి కూడా చపాతీలు మాన్పించేశాం. నిజంగానే దొంగతనంగా తింటోందా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ బాక్సు సోదా ఆపించండి. పది రెట్ల పైనుంచి పది నెలల్లో మూడుకి దిగిందంటే, పైగా బరువు కూడా పెరుగుతోందంటే, పాప మంచి దారిలోనే ఉంది.

ఈ జబ్బులో గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి వెళ్లినప్పుడు ఒంట్లోనే ఉండే ట్రాన్స్‌గ్లూటామినేజ్ అనే ఎంజైము మీద శరీరం యాంటీబాడీలు తయారుచేస్తుంది, మన ఒంటి మీదే కాబట్టి వాటిని ఆటోయాంటీబాడీలు అంటారు. మీ టీటీజీ పరీక్ష కొలిచేది వాటినే. గోధుమ మానిన మర్నాడే ఆ తయారీ ఆగిపోదు. మొదట ఎంత ఎక్కువ ఉంటే మామూలుకి రావడానికి అంత కాలం పడుతుంది, కొందరికి ఆరు నెలలు, మరికొందరికి ఏడాది, రెండేళ్లు. అంకె కదలకుండా అక్కడే ఉన్నా, తగ్గినది మళ్లీ పెరిగినా అప్పుడు వెతకాలి. ల్యాబ్ మారితే కొలత మారుతుంది కాబట్టి ప్రతిసారీ ఒకే చోట చేయించండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది, ఇది చాలామందికి చెప్పరు. రేపు రిపోర్టు నార్మల్ వచ్చినా గ్లూటెన్ అసలు తగలట్లేదని కాదు. ఎప్పుడో ఒకసారి కొంచెం తింటే ఈ పరీక్షలో తెలియకపోవచ్చు. నార్మల్ వచ్చింది కదా అని పుట్టినరోజుకి కేకు ముక్క పెట్టేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చేయకండి. రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తింటే పేగు దెబ్బతిన్నట్టు పరిశోధనలో తేలింది. ఒక్క బ్రెడ్ స్లైసులోనే సుమారు రెండు గ్రాములుంటుంది, ఇక మీరే లెక్క వేసుకోండి.

అందుకే పాపని కాదు, పోపులపెట్టెని అడగండి. ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చదవండి. పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు, అది రోజూ పప్పుచారులోకీ పులిహోరలోకీ వెళ్తుంది. బియ్యప్పిండి, శనగపిండి పట్టించే మరలో అంతకుముందు గోధుమలు పట్టారేమో కనుక్కోండి. బీచ్ రోడ్డులో శనగపిండి బజ్జీయే కదా అనుకుంటాం, కానీ అదే నూనెలో మైదా పునుగులు వేగుతాయి. మాడుగుల హల్వా చేసేది గోధుమపాలతోనే, చూస్తే ఎక్కడా పిండి కనపడదు గనక అమ్మమ్మలు ముద్దుగా పెట్టేస్తుంటారు. పాలల్లో కలిపే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది, అదీ పనికిరాదు. గ్లూటెన్ ఫ్రీ అని రాసిన వాటిలో కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశంలో నిబంధన ఉంది, అలా రాసినవే కొనండి. ఇడ్లీ, పెసరట్టు, చోడి (రాగి) అంబలి ఉన్న ఇంట్లో పిల్ల ఆకలితో ఉండాల్సిన పని లేదు, పిండి శుభ్రంగా ఉంటే చాలు.

బాబు సంగతి మాత్రం ఆలస్యం చేయకండి. తోబుట్టువులకి లక్షణాలు లేకపోయినా పరీక్ష చేయించాలి, కానీ గోధుమ తింటూ ఉండగానే చేయించాలి, మానేశాక చేస్తే జబ్బు ఉన్నా నార్మల్ అని రావచ్చు. ఎన్నాళ్లుగా మానేశాడో డాక్టరుకి చెప్పి, మళ్లీ చపాతీ ఎన్నాళ్లు పెట్టి పరీక్ష చేయించాలో అడగండి.