టెక్ సందేహాలు: ఉప్పుటేటి పోటును కంప్యూటర్ లెక్కగట్టగలదా?

ప్రశ్న: కోనసీమలో ఉప్పుటేరు గట్టున మాకు రొయ్యల చెరువులున్నాయి. కాకినాడ పోటు సమయాలు మా దగ్గర కుదరడం లేదు. అందుకే తూము పక్కన అంగుళాలు గీసిన కర్ర పాతి, పది రోజులుగా ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి నీటిమట్టం రాసుకుంటున్నాను. వీటితో పోటు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఉందా?

జవాబు: ఉంది, ఉచితం కూడా. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నడిచే ‘యూటైడ్’ వేసుకోండి. అది మీ కొలతల్లోంచి చంద్రుడి పోటు, సూర్యుడి పోటు, ఇంకా చిన్నచిన్న వాటిని విడదీసి, రాబోయే రోజులకు మళ్లీ కూడి చెబుతుంది. మొగలోంచి, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటి నుంచి, ఏట్లోకి వచ్చేసరికి పోటు ఆలస్యమవుతుంది, లోతు తక్కువైన చోట గబగబా ఎక్కి నింపాదిగా దిగుతుంది. కాబట్టి మీ తూము దగ్గరే కొలవాలనుకోవడం చాలా మంచి ఆలోచన.

కొలిచే వేళలు మాత్రం మార్చండి. చంద్రుడి ప్రధాన పోటు 12 గంటల 25 నిమిషాలకోసారి వస్తుంది. సూర్యుడిది సరిగ్గా 12 గంటలకోసారి. మీరు చూసే రెండు ఆరింటికీ సూర్యుడి పోటు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది. అందులో పోటెంతో, ఏటి సగటు మట్టమెంతో విడదీయడానికి ఏ ప్రోగ్రామ్‌కూ ఆధారం దొరకదు. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెరిగి, అష్టమికి తగ్గేది ఈ రెండూ కలిసీ విడిపోయీ నడవడం వల్లే. ఆ చక్రం ఒకసారి తిరగడానికి 14.77 రోజులు పడుతుంది. మీ పది రోజులు అందుకు చాలవు. కనీసం 29 రోజులు, గంటగంటకూ, రాత్రి కూడా కొలవాలి.

రాత్రంతా గట్టు మీద కూర్చోనక్కరలేదు. పీవీసీ గొట్టాన్ని నిలువుగా పాతి, అడుగున చిన్న రంధ్రాలు చేసి, లోపల నీటి పీడనం నమోదు చేసే సెన్సర్ దించండి. పడవ వెళ్లినప్పుడు లేచే అలలు గొట్టం లోపలి నీటిని అంతగా కదపవు. సెన్సర్ గాలి పీడనాన్ని కూడా కలిపి చూపే రకమైతే దాన్ని తీసేయడం మరవకండి.

సాఫ్ట్‌వేర్‌లో చూసుకోవలసినవి రెండే. కొలతలు మన సమయంలో ఇచ్చి, ఫలితం గ్రీనిచ్ సమయంలో చదివితే పోటు ఐదున్నర గంటలు తప్పుతుంది. రెండింటికీ ఒకే సమయం వాడండి. ఒక్క నెల కొలతలే ఉంటే దీర్ఘకాలిక పెరుగుదలను లెక్కించే ‘ట్రెండ్’ను ఆపేయండి.

నెల కొలతలతో పోటు వేళలు బాగానే తెలుస్తాయి, ఎత్తును మాత్రం అంతగా నమ్మవద్దు. మన తీరంలో సముద్రపు సగటు మట్టం మార్చి ప్రాంతంలో తక్కువగా, వర్షాకాలం ముగిశాక ఎక్కువగా ఉంటుంది. అది పట్టుబడాలంటే ఏడాది కొలతలు కావాలి. గోదావరికి వరద వచ్చి ధవళేశ్వరం గేట్లు ఎత్తిన రోజుల కొలతలను విడిగా గుర్తుపెట్టుకోండి, లేకపోతే ఆ వరద నీరు కూడా పోటు లెక్కలో కలుస్తుంది.

ప్రశ్న: తుపాను రోజుల్లో ఫోనులోని పోటు యాప్‌ను నమ్మవచ్చా?

జవాబు: నమ్మకండి. యాప్ లెక్క చంద్రుడు, సూర్యుల వరకే. గాలి పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది. గాలి నీటిని ఒడ్డుకు తోసే ఉప్పెన అంతకన్నా ఎన్నో రెట్లు. 1996 నవంబరు తుపానును చూసిన కోనసీమ వారికి ఇది చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో వాతావరణ శాఖ, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే హెచ్చరికలే చూడండి. యాప్ చెప్పే వేళ ఒక్కదానికే పనికొస్తుంది: ఉప్పెన, పోటు ఒకే సమయానికి కలుస్తాయేమో ముందే చూసుకోవడానికి.