రొయ్యల చెరువు పనివాళ్లకు గ్లౌజులు కాదు, ముందు కరెంటు బోర్డు మార్చండి

ఆకివీడు దగ్గర రొయ్యల చెరువు ఉంది, పనివాళ్లకు షాక్ కొట్టకుండా ఏ కంపెనీ గ్లౌజులు, బూట్లు కొనాలి అని అడిగారు. కంపెనీ సంగతి తర్వాత చూద్దామండి. మొల లోతు నీళ్లలో నిలబడ్డ మనిషికి మోకాలి బూట్లు ఏం చేస్తాయి? భీమవరం చుట్టుపక్కల చెరువులకు ఏరియేటర్లు, అంటే నీళ్లలోకి గాలి ఎక్కించే చక్రాల మోటార్లు, బిగించడం నా పని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాళ్ల మండలంలో ఓ చెరువు గట్టున నా కళ్లెదుటే జరిగింది. తెల్లవారుజామున కరెంటు పోయింది, జనరేటర్ మొరాయించింది. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ వేళకే, రొయ్య తేలిపోతుందని అందరికీ టెన్షన్. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడు ఒకడు, ఎలాగూ కరెంటు లేదు కదా అని, ఏరియేటర్ చక్రానికి చుట్టుకున్న తాడు తీయడానికి దిగాడు. బోర్డుకి ఆటో స్టార్టర్ ఉంది. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగింది. కేబుల్ జాయింటు నీళ్లలోనే ఉంది, పైన టేపు చుట్టారంతే. కుర్రాడు కేక కూడా వేయకుండా పక్కకి ఒరిగిపోయాడు. తోటి పనివాడు నీళ్లలోకి దూకకుండా బోర్డు దగ్గరికి పరిగెత్తి మెయిన్ దించాడు. దూకి ఉంటే ఇద్దరూ పోయేవారు. ఆసుపత్రికి తీసుకెళ్లాక కుర్రాడు బతికాడు.

ఆ చెరువు యజమాని ఏమన్నాడో తెలుసా? "తాగి దిగుంటాడు" అన్నాడు. ప్రమాదం జరిగిన ప్రతిచోటా ఇదే మాట, వింటే ఒళ్లు మండుతుంది. తర్వాత గ్లౌజులు కొని షెడ్డులో మేకుకి తగిలించాడు. "డేంజర్" అని ఇంగ్లీషులో బోర్డు పెట్టించాడు, ఒడియా తప్ప ఇంకేదీ చదవలేని వాళ్ల కోసం. మేతకీ మందులకీ లక్షలు పోస్తారు, దసరాకి స్టార్టర్ డబ్బాకి పూజ చేసి కొబ్బరికాయ కొడతారు, ఆ డబ్బాలో కరెంటు లీకైతే ఆపేసే ట్రిప్పర్ ఒక్కటి పెట్టించరు.

ఎంసీబీ, అదే లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు, ఉందిగా అంటారు. 16 ఆంపియర్ల ఎంసీబీ వైరునీ మోటారునీ కాపాడుతుంది, మనిషిని కాదు. ఒంట్లోంచి అర ఆంపియరు కూడా వెళ్లక్కర్లేదు, అందులో పదో వంతుకే గుండె ఆగిపోవచ్చు. మీకు కావాల్సింది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఇందాక చెప్పిన ట్రిప్పర్ ఇదే. వెళ్లిన కరెంటు అంతా తిరిగి రాకపోతే 0.3 సెకను లోపే పడిపోతుంది. ఉప్పుటేరు వైపు నీళ్లలో ఉప్పు ఎక్కువ, కరెంటు ఇంకా సులువుగా పాకుతుంది కాబట్టి మీ దగ్గర ఇది తప్పనిసరి.

రాత్రి ట్రిప్పయితే పంట పోతుందని చాలామంది దాన్ని తీసేసి డైరెక్టు ఇచ్చేస్తారు. మొత్తం చెరువుకి ఒక్కటే పెడితే ఆ భయం నిజమే. ఏరియేటరుకి ఒకటి చొప్పున పెట్టించండి, లోపం ఉన్నదొక్కటే ఆగుతుంది, మిగతావి తిరుగుతూనే ఉంటాయి. కేబుల్ మధ్యలో జాయింట్లు లేకుండా బోర్డు నుంచి మోటారు దాకా ఒకటే ముక్క వేయించండి. మోటారుకి ఎర్త్ సరిగ్గా ఉందో లేదో కొలిపించండి. ఆటో స్టార్టర్ తీసేయించండి.

అసలు మనిషి దిగే పనే తగ్గించవచ్చు. ఏరియేటరుకి తాడు కట్టి ఉంచితే మెయిన్ దించాక గట్టుకి లాగి బాగుచేసుకోవచ్చు. తప్పక దిగాల్సి వస్తే మెయిన్ దించి డబ్బాకి తాళం వేయాలి, తాళంచెవి దిగేవాడి జేబులోనే ఉండాలి. మీ దగ్గరా కాదు, గుమస్తా దగ్గరా కాదు.

ఇవన్నీ అయ్యాక గ్లౌజులు ఏవైనా కొనండి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి పగటిపూట నొక్కించండి. నొక్కినా పడకపోతే అదే రోజు మార్చేయండి.