ఎర్రకారు కింద నీలం తేలింది, డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: నాకు పాత రోబో కారు బొమ్మలు సేకరించే అలవాటు ఉంది. చిత్తూరులో పాత బొమ్మలు కొని అమ్మే ఒకాయన వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి ‘1980ల నాటి డయాక్లోన్ కార్వెట్, కంపెనీ ఎరుపే, రీపెయింట్ కాదు’ అని రాశాడు. డయాక్లోన్ అంటే కారు రోబోగా మారే జపాన్ బొమ్మల వరుస. నమ్మి యూపీఐలో 42,000 రూపాయలు పంపాను. బిల్లు ఇవ్వలేదు. కారును రోబోగా మారుస్తుంటే మడత దగ్గర ఎరుపు లేచి, కింద నీలం కనిపించింది. అడిగితే ‘పాత సరుకు, ఫొటోలు చూసుకునే కొన్నావు కదా’ అంటున్నాడు. కొని 20 రోజులైంది. కేసు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, భవానీనగర్, తిరుపతి

జవాబు: వేయవచ్చు. అంతకంటే ముందు ఆ బొమ్మ జోలికి వెళ్లడం ఆపండి. థిన్నర్‌తోనో, గోళ్ల రంగు తీసే ద్రవంతోనో మరికాస్త తుడిచి చూద్దామని అనిపిస్తుంది. ఆ ద్రవంలోని ఎసిటోన్ ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. ఆ తర్వాత ‘ఈ పాడుపని మీరే చేశారు’ అని అవతలివాడు అంటే మీ దగ్గర జవాబు ఉండదు. స్క్రూలు కూడా విప్పవద్దు.

బొమ్మకు మళ్లీ రంగు వేయడం తప్పు కాదు. రంగు మార్చి, ఆ మాట చెప్పి అమ్ముకునే వాళ్లు బోలెడుమంది. వేప చెక్కతో చేసిన బొమ్మను వేప బొమ్మ అని అమ్మితే గొడవేముంది? దానికే రంగు పూసి ఎర్రచందనం ధర తీసుకుంటేనే కదా తగాదా. మీ కేసు కూడా రంగు మీద కాకుండా, ఆయన రాసిన ‘రీపెయింట్ కాదు’ అనే రెండు ముక్కల మీద నిలబడుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(10) చదవండి. ఒప్పందం ప్రకారం ఉండాల్సిన నాణ్యత లేకపోవడంతో పాటు, అమ్మకందారు ఏ రూపంలోనైనా చెప్పుకున్న నాణ్యత లేకపోవడం కూడా ‘లోపం’ కిందకే వస్తుంది. ఆ ‘ఏ రూపంలోనైనా’లో వాట్సాప్ మెసేజీ కూడా ఉంది.

బొమ్మ సంగతికి వద్దాం. డయాక్లోన్ వరుసలో ఆ కార్వెట్ ఎరుపు రంగులో వచ్చింది. అదే అచ్చు 1985లో ట్రాన్స్‌ఫార్మర్స్ అనే మరో రోబో బొమ్మల వరుసలో ‘ట్రాక్స్’ పేరుతో నీలంలో వచ్చింది. నీలం దొరికినంత సులువుగా ఎరుపు దొరకదు. నీలం కారుకు ఎర్ర స్ప్రే కొట్టాలన్న ఆశ పుట్టేది అక్కడే. అసలు ఎరుపులో రంగు ప్లాస్టిక్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి అరిగిన చోట కూడా ఎరుపే కనపడాలి. మీ బొమ్మలో నీలం బయటపడిందంటే అది చాలా బలమైన గుర్తు.

ఈ ఒక్క గుర్తుతో ఆగకండి. కంసాలులు వాడే 10 రెట్ల భూతద్దం, టార్చి తీసుకుని కొన్ని చోట్లు చూడండి. స్క్రూ తల గాడిలో ఎరుపు నిండి ఉంటే బిగించిన తర్వాత స్ప్రే కొట్టినట్టు. స్క్రూ దిగే గొట్టంలోకి, బానెట్ లోపలి వైపుకు స్ప్రే సరిగా అందదు. అసలు ప్లాస్టిక్ రంగు అక్కడే దొరుకుతుంది. అద్దాల అంచున, టైరు రబ్బరు మీద, వెండి పూత ఉన్న భాగాల పక్కన తుంపరల్లాంటి ఎర్ర చుక్కలు ఉన్నాయేమో చూడండి. పాత స్టిక్కరు పీకకుండా మీద రంగు కొట్టి ఉంటే, ఏటవాలుగా టార్చి వేసినప్పుడు దాని అంచు మెట్టులా లేస్తుంది. అచ్చులో పోసిన కంపెనీ అక్షరాలు పదునుగా కాక పూడుకుపోయినట్టు ఉంటే రంగు మందం పెరిగిందని అర్థం. ఇంకొకటి. వేలితో రుద్దితే వేడికి ముద్ర తేలే చిన్న చదరపు స్టిక్కరు 1985 నుంచి ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మల మీద వచ్చింది. డయాక్లోన్ బొమ్మకు అది ఉండదు. ఉన్నా, పీకిన జాడ కనిపించినా ‘డయాక్లోన్’ అన్న మాట కూడా అబద్ధమేనని చూపవచ్చు. అతినీల కాంతి టార్చి వేసి చూడమని సేకరణదారులు చెబుతుంటారు. దాన్ని కేసుకు ఆధారం చేసుకోవద్దు, పాతబడ్డ ప్లాస్టిక్ కూడా చోటు చోటుకూ వేరుగా మెరుస్తుంది.

ఇది చదివే మిగతా సేకరణదారులకు ఒక మాట. అరిగిన చోట ఎరుపే కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. తర్వాతి కాలంలో జపాన్‌లో ‘రోడ్ రేజ్’ పేరుతో అదే అచ్చు ఎరుపులో మళ్లీ వచ్చింది. అది కంపెనీ సరుకే, రంగూ అసలుదే, కానీ 1980ల నాటిది కాదు. అలాంటిదాన్ని పాతదని అమ్మినా వర్ణన తప్పినట్టే.

చూసిన ప్రతిచోటా పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. కారుగా ఉన్నప్పుడు, రోబోగా మారినప్పుడు, సగం మడతలో ఉన్నప్పుడు ఆపకుండా ఒకే వీడియో తీస్తే మంచిది. ఆ తర్వాత బొమ్మను మెత్తటి గుడ్డలో చుట్టి, ఊడిన పెచ్చులను వేరే కవరులో వేసి, పైన తేదీ రాసి పెట్టండి.

చాట్ విషయంలో స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకోకండి. మొత్తం సంభాషణను ఎక్స్‌పోర్ట్ చేసి, ఆయన పంపిన ఫొటోలు కూడా దాచండి. మెసేజీలు వాటంతటవే మాయమయ్యే అమరిక ఆన్‌లో ఉంటే ఇప్పుడే తీసేయండి. కేసు తేలేదాకా ఫోను మార్చినా పాతది ఇవ్వకండి. ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 2023లో సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. అందులో మొదటి భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపాలి. వినియోగదారుల కమిషన్ సాక్ష్య నియమాలను సివిల్ కోర్టంత గట్టిగా పట్టుకోకపోయినా, పత్రం జతచేస్తే అభ్యంతరానికి తావుండదు.

ఇప్పుడు గడువులు. సరుకు తిరస్కరిస్తున్నానని చెప్పకుండా చాలాకాలం ఉంచుకుంటే దాన్ని అంగీకరించినట్టేనని సరుకుల అమ్మకం చట్టం 1930 సెక్షన్ 42 అంటుంది. కాబట్టి ‘చెప్పిన ప్రకారం లేదు, నాకు వద్దు, డబ్బు తిరిగి ఇవ్వండి’ అని ఈ రోజే రాతపూర్వకంగా పంపండి. బిల్లులో గడువేదీ లేనప్పుడు, లోపమున్న సరుకును 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. మీకు ఇంకా 10 రోజులున్నాయి. బొమ్మను మాత్రం కొరియర్‌లో వెనక్కి పంపేయకండి. తిరస్కరించిన సరుకును తిరిగి చేర్చే బాధ్యత కొన్నవారిది కాదు, తిరస్కరించినట్టు తెలియజేస్తే చాలని సరుకుల అమ్మకం చట్టం సెక్షన్ 43లో ఉంది.

‘చూసుకునే కొన్నావు’ అన్న వాదన ఇక్కడ బలహీనం. వర్ణనను బట్టి కొన్న సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని సరుకుల అమ్మకం చట్టం సెక్షన్ 15 చెబుతుంది. పైగా రంగు వేసి దాచడం ఊరకే నోరు మూసుకోవడం లాంటిది కాదు, కప్పిపుచ్చడం. కాంట్రాక్టు చట్టం 1872 సెక్షన్ 17లో అది మోసమే. కొన్నవాడు జాగ్రత్తగా చూసి ఉంటే తెలిసేదన్న మినహాయింపు సెక్షన్ 19లో ఉంది గానీ, అది మౌనం వల్ల జరిగిన మోసానికీ, తప్పుడు సమాచారానికీ వర్తించేది. రంగు వేసింది తానేనని, లేదా రంగు వేశారని తనకు తెలుసునని తేలితే ఆయనకు ఆ దారి మూసుకుపోతుంది. ఆయన నిజంగా తెలియక అమ్మి ఉంటే? మోసం మాట నిలవదు, కానీ వర్ణన తప్పిన మాట నిలుస్తుంది. అందుకే నోటీసులో రెండూ రాయించండి.

నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, అందిన రుజువు దాచి, 15 రోజులు గడువివ్వండి. స్పందించకపోతే మీరు నివసించే చోటే ఫిర్యాదు వేసుకునే హక్కు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ఇచ్చింది, కాబట్టి చిత్తూరు తిరగక్కర్లేదు, తిరుపతి జిల్లా కమిషన్‌లోనే వేయండి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కనుక రుసుము లేదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేయవచ్చు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు 2 ఏళ్లు.

కమిషన్ ముందు ఒక ప్రశ్న తప్పక వస్తుంది: అమ్మినాయన వ్యాపారా, లేక తన అలమారలోని ఒక్క బొమ్మను అమ్ముకున్న సేకరణదారా? రెండో రకమైతే ఆ తలుపు తెరుచుకోదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి. ఆయన వాట్సాప్ బిజినెస్ క్యాటలాగు, స్టేటస్‌లో పెట్టిన ధరలు, ఇతరులకు పంపిన జాబితాలు ఉంటే తీసేయకముందే దాచుకోండి. మీ వైపు నుంచి కూడా ఒక ప్రమాదం ఉంది. ‘దీన్ని రెట్టింపుకి అమ్ముతా’ అని చాట్‌లో మీరు ఎక్కడైనా రాసి ఉంటే, తిరిగి అమ్మేందుకు కొన్నవాడు వినియోగదారుడు కాడన్న వాదన వస్తుంది.

ప్రయోగశాల పరీక్ష కోరవచ్చు, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38లో ఏర్పాటు ఉంది. ఖర్చు ముందు మీరే కట్టాలి. కంటికి కనిపించే నీలానికి అంత అవసరం ఉందని నేను అనుకోను, వస్తువునే కమిషన్ ముందు పెట్టండి. 42,000, దానిపై వడ్డీ, మితమైన నష్టపరిహారం, ఖర్చులు అడగండి. విదేశీ సైట్లలో ఎవరో అడిగిన లక్షల ధర చూపించి అంతా ఇప్పించమంటే మీ అసలు కేసు పలుచబడుతుంది.

పోలీసు ఫిర్యాదు గురించి కూడా మనసులో ఉండే ఉంటుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4)లో మోసానికి 7 ఏళ్ల వరకు శిక్ష ఉంది. కానీ అమ్మే నాటికే దురుద్దేశం ఉందని చూపాలి. ఆయన ఇలాగే ఇంకెవరికైనా రంగు వేసినవి అంటగట్టినట్టు ఆధారం దొరికితే వెళ్లండి. అంతవరకు డబ్బు రాబట్టుకునే దారినే పట్టుకోండి.

మధ్యలో ఆయన రాజీకి వస్తే, డబ్బు మీ ఖాతాలో పడ్డాక బొమ్మ ఇవ్వండి. ఇచ్చేటప్పుడు వీడియో తీసి, అందినట్టు సంతకం తీసుకోండి.