టెక్ సందేహాలు: స్కానర్ కొనే ముందు స్లైడ్లు ఏరండి

ప్రశ్న: మా నాన్నగారికి కెమెరా అంటే ప్రాణం. 1968 నుంచి 1989 దాకా ఆయన తీసిన స్లైడ్లు (ప్రొజెక్టర్లో పెట్టి చూసే ఫిల్ము ఫొటోలు) ఎనిమిది గుండ్రటి ట్రేలలో, రెండు అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఎనిమిది వందల పైమాటే. ఆయన పోయాక వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ప్రొజెక్టర్ పనిచేయడం లేదు. అన్నీ స్కాన్ చేసేసి ఒరిజినల్స్ పారేద్దామని తమ్ముడు అంటున్నాడు. అమ్మ వద్దంటోంది. ఏ స్కానర్ కొనమంటారు?

జవాబు: స్కానర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఏరాలి. అన్నీ స్కాన్ చేసి తీరిగ్గా ఏరుకుందాం అనుకుంటే ఆ తీరిక రాదు. ఒక్కో స్లైడుకి మూడు నిమిషాలు వేసుకున్నా ఎనిమిది వందలకు 40 గంటలు. రంగులు సరిచేయడం, పేర్లు పెట్టడం దీనికి అదనం. సగంలో విసుగొస్తుంది, ఏ ఫైలులో ఏముందో తెలియని ఫోల్డర్ ఒకటి మిగులుతుంది. అవే స్లైడ్లను వెలుతురుకు పెట్టి చూడటం కొద్ది సాయంత్రాల పని.

చూడటానికి ప్రొజెక్టర్ బాగుచేయించనక్కర్లేదు. ఆ బల్బు వెలుగు, వేడి రెండూ రంగులకు చేటే. ఒక ట్యాబ్లెట్ తెర మీద తెల్లటి బొమ్మ తెరిచి, బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి, నైట్ మోడ్ ఆపేయండి. దానికి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో పాలరంగు అక్రిలిక్ షీటును అడ్డంగా అమర్చి, స్లైడ్లను షీటు మీద పరవండి. తెర మీదే పెడితే పెద్దది చేసి చూసినప్పుడు పిక్సెల్ చుక్కలు అడ్డొస్తాయి. భూతద్దం లేకపోతే నాన్నగారి కెమెరాకున్న 50 మి.మీ. లెన్స్ ఊడదీయండి. కెమెరాకు బిగించే వైపు స్లైడు మీదికి పట్టి, ముందు అద్దంలోంచి చూస్తే బొమ్మ దాదాపు అయిదు రెట్లు కనిపిస్తుంది.

ట్రేలోంచి ఒక్క స్లైడు కూడా తీయకముందే ట్రేని, దాని మూత మీది రాతల్ని, లోపల చీటీ ఉంటే దాన్నీ ఫోనుతో ఫొటో తీసుకోండి. వరసే సగం సమాచారం. స్లైడ్లన్నీ దొంతరగా పేర్చి, పై అంచుల మీదుగా పెన్సిల్‌తో ఒక ఏటవాలు గీత గీయండి. తర్వాత ఎలా కలిసిపోయినా, ఆ గీత మళ్లీ కుదిరేలా పేరిస్తే పాత వరస వచ్చేస్తుంది. అట్టపెట్టెల్లోని వాటికి ఇలాంటి గీత ఇప్పటికే ఉందేమో చూడండి. అది నాన్నగారు పెట్టిన వరస అయ్యుంటుంది.

ఇప్పుడు ఒక స్లైడు చేతిలోకి తీసుకుని దాని చట్రాన్ని చదవండి. చట్రం రెండు అంగుళాల చదరం, మధ్యలో బొమ్మ 24×36 మి.మీ. కోడాక్ అట్ట చట్రాల మీద చాలావాటికి నెల, ఏడాది అచ్చయి ఉంటాయి. అది ఫిల్ము కడిగిన తేదీ, ఫొటో తీసిన తేదీ కాదు. కెమెరాలో రోలు నెలల తరబడి ఉండిపోయిన ఇళ్లు ఎన్నో. అయినా ఆ తేదీ చాలా విలువైనది, ఎందుకంటే పక్కనే ఫ్రేము నంబరు కూడా ఉంటుంది. ఒకే నెల ముద్ర ఉండి, నంబర్లు వరసగా వస్తే అవి చాలావరకు ఒకే రోలువి. రోలులోని 36 ఫొటోల్లో ఒక్కటి ఏ సందర్భంలోదో గుర్తుపడితే ముందువీ వెనకవీ వాటంతటవే తేలతాయి. అందుకే ఏరేటప్పుడు రోలుకి రోలుగా ఏరండి, విడివిడిగా వద్దు.

ఏవి ఉంచాలి? నేను మొదట చూసేది మనుషుల్ని. తర్వాత, ఇక మళ్లీ చూడలేని చోట్లను. ఫొటో ఎంత బాగా వచ్చిందన్నది ఆ తర్వాతే. చక్కటి వెలుతురులో తీసిన జలపాతం ఒకటి, కాస్త అదిరిన ఫొటో ఒకటి ఉన్నాయనుకోండి. రెండోదాంట్లో మీ పెద్దమ్మ అంచున సగమే పడింది. వెనక మీరు పుట్టిన ఇంటి గుమ్మం, గోడకు ఆనించిన సైకిలు, దండెం మీద ఆరేసిన బట్టలు కనిపిస్తున్నాయి. జలపాతం ఫొటోలు ఇంతకంటే మంచివి లోకంలో లక్షలున్నాయి. ఆ గుమ్మం ఇంకెక్కడా లేదు. సూర్యాస్తమయాలు, పూలు, విమానం కిటికీలోంచి తీసిన మబ్బులు, ఎవరో తెలియని జనంతో నిండిన పర్యాటక స్థలాలు నిస్సంకోచంగా పక్కన పెట్టండి. నాన్నగారు ఎంతో శ్రద్ధ పెట్టి తీసినవి కదా అని మనసొప్పకపోతే, ఆయన చూపు ఎలాంటిదో చెప్పే పదో పన్నెండో మాత్రం ఉంచండి. ఆయన ఏ ఫొటోలోనూ లేకపోవచ్చు. తీసేవాడు ఎప్పుడూ కెమెరా వెనకే ఉంటాడు. ఆయన నీడ పడినదో, అద్దంలో ఆయన కనిపించేదో ఒక్కటి దొరికినా దాన్ని అన్నిటికంటే ముందు ఉంచండి.

ఒకే దృశ్యం మూడేసి సార్లు కనిపిస్తుంది. స్లైడు ఫిల్ములో ఎక్స్‌పోజర్ కాస్త తప్పినా ఫొటో పాడవుతుంది కాబట్టి, చేయి తిరిగినవాళ్లు ముదురుగా ఒకటి, లేతగా ఒకటి, మధ్యస్థంగా ఒకటి తీసేవారు. స్కాన్ చేయాలంటే మరీ నల్లగా లేనంతవరకు ముదురుదే మేలు. తెల్లబారిపోయిన చోట ఫిల్ములో ఏమీ మిగలదు, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తేలేదు. నీడల్లో మాత్రం ఎంతో కొంత వివరం దాగి ఉంటుంది.

పక్కన అమ్మగారిని కూర్చోబెట్టుకోండి. ఈ జవాబులో మీరు ఒక్కటే పాటిస్తే ఇది పాటించండి. ఫోనులో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, "ట్రే మూడు, ఇరవై ఏడు" అని నంబరు పలికి, ఆమె చెప్పేది చెప్పనివ్వండి. చెడిపోని స్లైడ్లను ఇంకో ఇరవై ఏళ్ల తర్వాతైనా స్కాన్ చేయొచ్చు, కానీ ఆ చివర నిలబడ్డ పొడుగాటాయన ఎవరో చెప్పేవాళ్లు అప్పుడు ఉండరు. ఆమె అలసిపోతే ఆపి మర్నాడు మొదలెట్టండి. ఒక్కరోజులో తేల్చేయాలని చూడకండి.

మూడు కుప్పలు చేయండి: ఉంచేవి, వద్దనుకున్నవి, సందేహంగా ఉన్నవి. సందేహం కుప్పని నెల తర్వాత మళ్లీ చూడండి. ఈసారి చేయి త్వరగా ఆడుతుంది. ఎనిమిది వందల్లో రెండు వందలు మిగిలితే అది మంచి సంగ్రహం.

ఇక ఒరిజినల్స్. వద్దనుకున్నవాటి విషయంలో మీ తమ్ముడి మాట సరే. అయితే పారేసే ముందు పాత వీధులు, కూల్చేసిన భవనాలు, ఊరేగింపులు, వరదలు ఉన్నవేమో చూసి, ఆ ప్రాంతపు మ్యూజియాన్నో గ్రంథాలయాన్నో అడగండి. ఉంచుకున్నవాటి ఒరిజినల్స్ మాత్రం పారేయొద్దు. డిస్కు చెడిపోవచ్చు, ఖాతా పాస్‌వర్డ్ పోవచ్చు. స్లైడు అయితే వెలుతురుకు పట్టుకుంటే చాలు, కనిపిస్తుంది. రేపు ఇంతకంటే మంచి స్కానర్ వస్తే మళ్లీ స్కాన్ చేయించుకోవచ్చు కూడా. ఇరవై అరలుండే పాలీప్రొపిలీన్ షీట్లలో రెండు వందల స్లైడ్లు పది షీట్లకు సరిపోతాయి. పీవీసీ షీట్లు కొనకండి, వాటి నుంచి వచ్చే రసాయనాలు ఫిల్ముని పాడుచేస్తాయి. అటక మీద, బాత్‌రూమ్ గోడ పక్కన కాకుండా చల్లగా పొడిగా ఉండే అలమరలో పెట్టండి.

ప్రశ్న: ఒక ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 6400 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) అని, ఒక చిన్న పెట్టెలాంటి దాని మీద 22 మెగాపిక్సెల్ అని ఉంది. నా దగ్గర మిర్రర్‌లెస్ కెమెరా కూడా ఉంది. దేనితో స్కాన్ చేయను?

జవాబు: కెమెరా ఉంటే దానితోనే. అట్ట మీది అంకెలు ఎన్ని చుక్కలు నమోదు చేస్తుందో చెబుతాయి, ఎంత వివరం పట్టుకుంటుందో చెప్పవు. 6400 అని రాసి ఉన్న ఫ్లాట్‌బెడ్‌లలో చాలావాటికి అసలు సత్తా అందులో సగం కూడా ఉండదు. ఆ చిన్న పెట్టెలో ఉండేది మామూలు సెన్సర్, కదలని లెన్స్. వెలుగు ఎక్కువున్న చోట్లు తెల్లబారిపోతాయి. ఏరడానికి, వాట్సాప్‌లో పంపడానికి పనికొస్తుంది, దాచుకోవడానికి కాదు.

24×36 మి.మీ. బొమ్మను నిజమైన 4000 డీపీఐతో స్కాన్ చేస్తే దాదాపు 21 మెగాపిక్సెల్ వస్తుంది. 2400 అయితే దాదాపు 8. తెర మీద చూడటానికి, ఆల్బమ్ సైజు ప్రింట్లకు ఆ 8 చాలు. పెద్దది చేసి గోడకు తగిలించేవాటికే 4000 కావాలి.

కెమెరాకు 1:1 మ్యాక్రో లెన్స్, రంగుల్ని నిజంగా చూపే ఎల్‌ఈడీ ప్యానెల్ (సీఆర్‌ఐ 95 పైన), కదలని స్టాండు కావాలి. ఎఫ్/8, కనిష్ఠ ఐఎస్‌ఓ, రా ఫార్మాట్, రెండు సెకన్ల టైమర్. కెమెరా స్లైడుకి సమాంతరంగా లేకపోతే ఒక మూల మసకబారుతుంది. దీనికి ఒక చిన్న అద్దం సాయపడుతుంది. స్లైడు పెట్టే చోట దాన్ని పెట్టి కెమెరాలో చూడండి. లెన్స్ ప్రతిబింబం సరిగ్గా ఫ్రేము నడిమధ్య కనిపించేదాకా స్టాండును సర్దితే సరి. స్లైడుకి మెరిసే వైపు, మెరుపు లేని వైపు ఉంటాయి. బొమ్మ సవ్యంగా కనిపించాలంటే మెరిసే వైపు మీకేసి ఉండాలి. తిరగబడితే గుండీలు, బోర్డుల మీది అక్షరాలు పట్టిస్తాయి.

పాత నికాన్ కూల్‌స్కాన్ అనే ఫిల్ము స్కానర్ ఎవరిదైనా అరువు దొరికితే వదలకండి. తయారీ ఎప్పుడో ఆగిపోయింది, దాని సొంత సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్లలో ఇబ్బంది పెడుతుంది కానీ వ్యూస్కాన్ అనే వేరే స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తుంది.

ప్రశ్న: కొన్ని స్లైడ్లు ఎర్రగా మారిపోయాయి, అదే కాలంనాటి మరికొన్ని నిన్న తీసినట్టున్నాయి. ఆ బాగున్నవాటినే స్కాన్ చేస్తే మనుషుల అంచులు అలుక్కుపోతున్నాయి. ఎందుకు?

జవాబు: బాగున్నవి కోడాక్రోమ్ అయ్యుంటాయి, చట్రం మీద పేరుంటుంది. మెరుపు లేని వైపు వెలుతురుకు ఏటవాలుగా తిప్పితే బొమ్మ చెక్కినట్టు ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. 1935లో వచ్చిన ఈ ఫిల్ముని కోడాక్ 2009లో ఆపేసింది, కడిగే చివరి ల్యాబ్ 2010 ఆఖరున రోలులు తీసుకోవడం మానేసింది. చీకట్లో దాచితే దాని రంగులు దశాబ్దాలు చెక్కుచెదరవు. ప్రొజెక్టర్ వెలుగుకు మాత్రం తట్టుకోలేదు. పాత ఎక్టాక్రోమ్‌లు, మరికొన్ని ఫిల్ములు చీకట్లో ఉన్నా వెలిసిపోతాయి. నీలి ఆకుపచ్చ రంగు ముందు తగ్గి, ఎరుపు మిగులుతుంది.

అంచులు అలుక్కుపోవడానికి కారణం స్కానర్లో దుమ్మును తొలగించే 'ఐస్' అనే సదుపాయం. అది పరారుణ కాంతితో పనిచేస్తుంది. మామూలు రంగు ఫిల్ము ఆ కాంతిని పోనిస్తుంది, దుమ్ము ఆపుతుంది, ఆ తేడాతో దుమ్మును పసిగడుతుంది. కోడాక్రోమ్ ఆ కాంతిని కొంత అడ్డుకుంటుంది, నలుపు తెలుపు ఫిల్ములోని వెండి ఇంకా ఎక్కువగా అడ్డుకుంటుంది. దాంతో ఐస్ బొమ్మనే దుమ్మనుకుని చెరిపేస్తుంది. ఈ రెండింటికీ ఐస్ ఆపేసి, బ్లోయర్‌తో ఊది స్కాన్ చేయండి. ఎర్రబడినవాటిని ముందుగా, 16 బిట్ టిఫ్‌లో స్కాన్ చేయండి. అవి ఇంకా వెలిసిపోతూనే ఉంటాయి. వ్యూస్కాన్‌లో రంగుల్ని పునరుద్ధరించే ఆప్షన్ ఉంది, చాలావరకు దారికొస్తాయి.

ప్రశ్న: స్కాన్ చేసిన 1974 ఫొటోలు గూగుల్ ఫొటోస్‌లో ఈ ఏడాదివిగా కనిపిస్తున్నాయి. యాప్‌లో తేదీ మారిస్తే చాలా?

జవాబు: చాలదు. యాప్‌లో మార్చింది ఫైలులోకి వెళ్లదు, రేపు ఫొటోలన్నీ బయటికి తెచ్చుకుంటే తేదీ వేరే చిన్న ఫైలులో వస్తుంది. అప్‌లోడ్ చేయకముందే కంప్యూటర్‌లో డిజీక్యామ్‌తోనో ఎగ్జిఫ్‌టూల్‌తోనో తీసిన తేదీని ఫైలులోనే రాయండి. రెండూ ఉచితం, వందల ఫైళ్లకు ఒకేసారి రాస్తాయి. రోజు తెలియకపోతే నెల ఒకటో తేదీ వేసి, వివరణలో "సుమారు" అని చేర్చండి. మనుషుల పేర్లూ అక్కడే. ఫైలు పేరు 1974, 08, ట్రే 3, 27 అన్న వరసలో పెడితే అసలు స్లైడు ఎక్కడుందో ఎప్పుడైనా వెతుక్కోవచ్చు. రెండు వేర్వేరు డిస్కులు, క్లౌడ్‌లో ఒకటి, మొత్తం మూడు కాపీలు ఉంచండి. ఒక డిస్కు వేరే ఇంట్లో ఉండాలి.

ప్రశ్న: గాజు చట్రాల్లో ఉన్న స్లైడ్ల మీద సాలెగూడులాంటి మచ్చలున్నాయి. ఒక పెట్టె తెరిస్తే పుల్లటి వాసన వస్తోంది. తడి గుడ్డతో తుడవొచ్చా?

జవాబు: తుడవొద్దు. ఆ మచ్చలు బూజు. బూజు పట్టిన జెలటిన్ పొర నీటికి కరిగే స్థితిలో ఉంటుంది, తడి తగిలితే బొమ్మ ఊడొస్తుంది. గాజుల మధ్య తేమ చిక్కుకోవడం వల్లే ఇలా అవుతుంది. చట్రం విప్పి, ఫిల్ముని అంచులతో మాత్రమే పట్టుకుని, గాజు లేని ప్లాస్టిక్ చట్రంలోకి మార్చండి. ముఖ్యమైన స్లైడు అయితే ఫిల్ము శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి.

పుల్లటి వాసన వెనిగర్‌ది. ఫిల్ముకి ఆధారంగా ఉండే ఎసిటేట్ ప్లాస్టిక్ విచ్ఛిన్నమవుతున్నప్పుడు వచ్చే ఆమ్లం అది, దాన్ని వెనక్కి తిప్పే మార్గం లేదు. దాని ఆవిరి పక్క ఫిల్ములనూ తొందరపెడుతుంది. ఆ పెట్టెను ఈరోజే మిగతావాటి నుంచి దూరంగా, గాలి ఆడే చోట పెట్టి, ఏరుడూ స్కానింగూ దానితోనే మొదలుపెట్టండి.