200 కమాండ్లు బట్టీ పట్టక్కర్లేదు

డిగ్రీ అయిపోయింది, సిస్టమ్ అడ్మిన్ గానీ నెట్‌వర్క్ అడ్మిన్ గానీ అవ్వాలనుంది, 200 లినక్స్ కమాండ్ల పీడీఎఫ్ ముందేసుకుని చదువుతున్నా మర్నాటికి ఒక్కటీ గుర్తుండటం లేదు, ఏం చెయ్యాలి అని అడిగారు.

ఆ పీడీఎఫ్ పక్కన పెట్టేయండి. అమీర్‌పేటలో కోర్సు చేసినప్పుడు నేనూ నోట్సు నిండా రాసుకున్నాను. కమాండ్లు ఒంటబట్టింది మాత్రం ఉద్యోగంలో చేరాక, ఒక నైట్ షిఫ్టులో.

సర్వర్‌లో అప్లికేషన్ ఆగిపోయిందని అలర్ట్ వచ్చింది. డిస్కులో ఎంత జాగా మిగిలిందో చెప్పే డీఎఫ్ హైఫన్ హెచ్ (df -h) కొడితే, లాగ్‌లు ఉండే స్లాష్ వార్ (/var) 100 శాతం నిండిపోయి ఉంది. ఫోల్డర్ల సైజు చెప్పే డీయూ (du)తో ఒక్కో ఫోల్డరే వెతుక్కుంటూ వెళ్తే, ప్రోగ్రామ్ తన పనులు రాసుకునే లాగ్ ఫైలు ఒక్కటే 18 జీబీ. ఆర్‌ఎం (rm) కొట్టి తీసేశాను. మళ్లీ డీఎఫ్ చూశాను, అదే 100. డీయూ చూస్తే మాత్రం 18 జీబీ తగ్గింది. రెండు కమాండ్లు రెండు మాటలు చెబుతుంటే చెమటలు పట్టాయి. సీనియర్ అన్నకు ఫోన్ చేస్తే ఒక్కటే అడిగాడు: "ఆ ఫైలు ఇంకా ఎవరి చేతిలో ఉందో చూశావా?"

లినక్స్‌లో ఫైలు పేరు వేరు, డిస్కు మీద ఉన్న డేటా వేరు. ఆర్‌ఎం తీసేసేది పేరునే. ఏదైనా ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఆ ఫైలును తెరిచి పట్టుకుని ఉంటే, అది వదిలేదాకా డేటా డిస్కులోనే ఉంటుంది. డీయూ పేర్లు పట్టుకుని లెక్కేస్తుంది, డీఎఫ్ ఫైల్‌సిస్టమ్‌నే అడుగుతుంది. అందుకే ఆ తేడా. ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ ఎల్ వన్ (lsof +L1) కొడితే, పేరు పోయినా తెరిచే ఉన్న ఫైళ్లు, వాటిని పట్టుకున్న ప్రాసెస్‌లు కనిపించాయి. సర్వీస్ రీస్టార్ట్ చేయగానే జాగా తిరిగొచ్చింది. ఆ నాలుగు కమాండ్లనీ మళ్లీ ఎప్పుడూ చదవాల్సిన పని పడలేదు.

నెట్‌వర్క్ కూడా ఇలాగే, ఏదో ఒక ప్రశ్న పట్టుకుని నేర్చుకోవాలి. "నెట్ రావట్లేదు" అని ఎవరైనా అంటే దగ్గర్నుంచి దూరానికి వెళ్లండి. ఐపీ యాడర్ (ip addr)తో మన మెషీన్‌కు అడ్రస్ వచ్చిందా, ఐపీ రూట్ (ip route)తో బయటికి దారి ఇచ్చే గేట్‌వే ఏది, దానికి పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే కమాండ్) వెళ్తోందా, తర్వాత బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కు వెళ్తోందా. అంతదాకా బాగుండి, సైటు పేరుతో మాత్రం వెళ్లకపోతే తప్పు డీఎన్ఎస్‌లో (సైటు పేరును ఐపీ అడ్రస్‌గా మార్చేది) ఉన్నట్టే, అప్పుడు దాన్ని అడిగి చూసే డిగ్ (dig) కొట్టండి. పింగ్‌ను ఆపేసే ఫైర్‌వాల్‌లు (నెట్‌వర్క్ రాకపోకలకు కాపలా కాసేవి) చాలా ఉంటాయి కాబట్టి, జవాబు రానంత మాత్రాన అవతలి మెషీన్ పడిపోయిందని చెప్పేయకండి.

ఎర్రర్ మెసేజ్ పూర్తిగా చదవడం అలవాటు చేసుకోండి, నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద విద్య ఇదే. "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అని వచ్చిందంటే సాధారణంగా అవతలి మెషీన్ దాకా వెళ్లాం, ఆ పోర్టులో (ఒక్కో సర్వీస్‌కు ఉండే తలుపు నంబరు) వినే ప్రోగ్రామ్ లేదు అని. "టైమ్డ్ అవుట్" అంటే అసలు జవాబే రాలేదు, దారిలోనో ఫైర్‌వాల్‌లోనో ఆగింది. రిఫ్యూజ్డ్ వస్తే ఆ సర్వర్‌లోకి వెళ్లి ఏ ప్రోగ్రామ్ ఏ పోర్టులో వింటోందో చూపే ఎస్ఎస్ హైఫన్ టీయూఎల్‌పీఎన్ (ss -tulpn) చూడండి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 127.0.0.1:3306 మీద (మెషీన్ తనకు తాను వాడే అడ్రస్, 3306 పోర్టు) ఉంటే అది ఆ మెషీన్ లోపలి వాళ్లకే పలుకుతుంది, బయట నుంచి ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే.

సాధనకు వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఉత్తుత్తి కంప్యూటర్లు నడిపే సాఫ్ట్‌వేర్) డెస్క్‌టాప్ లేని ఉబుంటు సర్వర్ (ఒక రకం లినక్స్) రెండు మెషీన్లుగా వేసుకోండి, చెడితే వెనక్కి వెళ్లేందుకు ముందే స్నాప్‌షాట్ తీసుకోండి. ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) ఉండగా ఫైర్‌వాల్ ఆన్ చేసే ముందు, అది వాడే పోర్ట్ 22కు అనుమతి ఇచ్చారో లేదో చూసుకోండి, లేకపోతే ఎస్ఎస్‌హెచ్‌తో మళ్లీ లోపలికి వెళ్లే దారి ఉండదు. ఆర్‌ఎంలో స్టార్ గుర్తు (*) వాడే ముందు అదే దాన్ని ఫైళ్ల పేర్లు చూపే ఎల్‌ఎస్ (ls)తో కొట్టి ఏమేం పోతాయో చూడండి.

ఈ రాత్రికే ఇది చేసి చూడండి. ఫాలొకేట్ (fallocate) కమాండ్‌తో 1 జీబీ ఫైలు సృష్టించండి. ఒక టెర్మినల్‌లో టెయిల్ హైఫన్ ఎఫ్ (tail -f)తో దాన్ని తెరిచి ఉంచి, ఇంకో టెర్మినల్‌లో ఆర్‌ఎం కొట్టి డీఎఫ్ చూడండి. తర్వాత టెయిల్‌ను కంట్రోల్ సీతో ఆపి, డీఎఫ్ మళ్లీ చూడండి.