మంచు తెచ్చిపోసిన నేలలు: మట్టి ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం అమెరికా మట్టి గురించే. పిల్లలు అక్కడ స్థిరపడ్డ ఇళ్ళు గుంటూరు, తెనాలి వైపు ఎక్కువ. చూడబోయిన పెద్దవాళ్ళు పక్క పొలంలో మట్టి పిడికిట్లోకి తీసుకోకుండా ఉండలేరు. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు.

మా అబ్బాయి ఇండియానా రాష్ట్రంలో ఊరిబయట ఇల్లు కొన్నాడు. పెరట్లో ఆపిల్ మొక్క పెడదామని గొయ్యి తీస్తే రెండున్నర అడుగుల దాకా పార హాయిగా దిగింది. ఆ కింద గునపం వేస్తే ఖంగుమంది. చూస్తే రాయి కాదు, మట్టే. ఏమిటది? మొక్క బతుకుతుందా? – ఒక రైతు, తెనాలి

దాన్ని అక్కడ ‘టిల్’ అంటారు. ఇరవై వేల ఏళ్ళ కిందట కెనడా వైపు నుంచి దిగిన మంచు ఇండియానాలో చాలా భాగాన్ని కప్పేసింది. ఆ మంచు దారిలో ఉన్న రాళ్ళను గీకి, కొన్నిటిని పిండి చేసి, కొన్నిటిని అట్లాగే లాక్కొచ్చి కింద పరిచింది. మన కృష్ణ అయితే బరువును బట్టి సర్దుతుంది: ఇసుక ఒకచోట, మెత్తటి ఒండ్రు ఇంకోచోట. మంచుకు ఆ సర్దుడు తెలియదు. బంకమన్ను, సున్నపురాతి పొడి, ఇసుక, గులకరాళ్ళు, అక్కడక్కడ బస్తా అంత బండ, అన్నీ ఒకే ముద్దలో ఉంటాయి. పైన అంత మంచు బరువు పడటంతో ఆ ముద్ద దిమ్మిస కొట్టినట్టు బిగిసిపోయింది.

మీరు తవ్విన చోట ఉన్నది బహుశా ‘మయామి’ రకం నేల. ఇండియానాకు ప్రతినిధి నేలగా చెప్పుకునేది దీన్నే. పైన గాలి తెచ్చిన సిల్టు (ఇసుకకంటే సన్నం, బంకకంటే ముతక మన్ను) పొర అడుగున్నర లోపు ఉంటుంది. దాని కింద బంక ఎక్కువున్న గోధుమరంగు పొర, 60 నుంచి 100 సెంటీమీటర్ల లోతు దాటాక బిగుసుకున్న టిల్ వస్తాయి. మీ రెండున్నర అడుగులు ఈ లెక్కకు సరిపోయింది.

ఎంత బిగువో చేత్తో తేల్చవచ్చు. రెండువైపులా తెరిచి ఉన్న 5 సెంటీమీటర్ల వ్యాసం, 5 సెంటీమీటర్ల ఎత్తు ఇనుప గొట్టం ఒకటి తీసుకోండి. దాని ఘనపరిమాణం 98 ఘన సెంటీమీటర్లు. పైన చెక్కముక్క పెట్టి సుత్తితో పొరలోకి దించి, చుట్టూ తవ్వి తీసి, రెండు అంచులూ చాకుతో సమంగా కోయండి. ఆ మట్టిని 105 డిగ్రీల వేడిలో ఒక రోజంతా ఆరబెట్టి తూచండి. 175 గ్రాములు తూగితే ఘన సెంటీమీటరుకు 1.79 గ్రాములన్నమాట. దున్నే పొరలో ఇది 1.3, 1.4 దగ్గర ఉంటుంది. ఇట్లాంటి మట్టిలో 1.7 దాటితే వేరు నేరుగా దిగలేదు, పొర మీద పక్కకు తిరిగి పాకుతుంది. గొట్టం గులకరాయికి తగిలితే లెక్క తప్పుతుంది, ఇంకోచోట దించండి.

ఇక మొక్క సంగతి. చాలామంది చేసే తప్పు ఏమిటంటే, గట్టి పొరను పగలగొట్టి ఇంకో అడుగు లోతు చేసి దాన్ని మంచిమట్టితో నింపడం. అది గొయ్యి కాదు, తొట్టి. మంచు కరిగే రోజుల్లో, జనవరి నుంచి ఏప్రిల్ దాకా, నీరు టిల్‌ను దాటలేక దాని మీదే నిలుస్తుంది. చుట్టుపక్కల నీరంతా ఆ తొట్టిలోకి చేరుతుంది, వేరు కుళ్ళుతుంది. గొయ్యి అడుగున్నరకు మించనివ్వకండి. పైమట్టితో అడుగు, అడుగున్నర ఎత్తు, ఆరడుగుల వెడల్పు దిబ్బ కట్టి దాని మీద నాటండి. సబ్‌సాయిలర్ (లోతు పొరను చీల్చే నాగలి) తోలించమని ఎవరైనా చెబితే వినొద్దు. మన డెల్టా మాగాణిలో దమ్ము చేసి చేసి జానెడు లోతున ఏర్పడే గట్టి పొర పలచగా ఉంటుంది, ఎండినప్పుడు తోలితే విరుగుతుంది. టిల్ అట్లా కాదు. కొన్ని మీటర్ల మందం ఉండవచ్చు, ఎంతని పగలగొడతారు?

అక్కడిది అడుగున సున్నం ఉన్న నేల అంటారు. అదే పొలంలో లారీలకొద్దీ సున్నపురాయి పొడి చల్లుతున్నారు. ఇదేం తిరకాసు? – పొన్నూరు నుంచి

తిరకాసేమీ లేదు. టిల్ వచ్చినప్పుడు పైనా కిందా సున్నమే. వేల ఏళ్ళుగా వాననీరు గాలిలోని, వేళ్ళు వదిలిన బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నాన్ని కరిగించి కిందికి దించేసింది. పై రెండు మూడు అడుగులు ఆమ్లనేలగా మారింది, ఉదజని సూచిక (పీహెచ్) 5.5 దగ్గర ఉండటం మామూలే. అమ్మోనియా ఎరువులు దాన్ని ఇంకాస్త దించుతాయి. కింద టిల్‌లో మాత్రం 8 దగ్గర ఉంటుంది. మొక్కజొన్న, సోయా వేళ్ళు ఎక్కువగా తిరిగేది పైపొరలో. కాబట్టి భూసార పరీక్ష చూసుకొని పైన సున్నం వేస్తారు.

ఎంత లోతుకు సున్నం కడిగిపోయిందో చూడాలంటే గోతి గోడ మీద పది సెంటీమీటర్లకొకచోట పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయండి. బాత్రూంలు కడిగే గాఢమైన యాసిడ్ ఒక వంతుకు నీళ్ళు రెండు వంతులు చాలు. నీళ్ళలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. పైన చుక్క ఊరికే ఇంకుతుంది. ఒకచోటికి వచ్చేసరికి సోడా పోసినట్టు బుసబుస పొంగుతుంది. కడుగుడు ఆగింది అక్కడ.

ఇదే చుక్క పల్నాటి రేగడి మీద వేస్తే చాలాచోట్ల పైనుంచే నురగ వస్తుంది. ఏడాది మొత్తం వాన చూస్తే మనకూ వాళ్ళకూ మరీ పెద్ద తేడా లేదు. అక్కడ వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు, ఏడాది పొడుగునా పడుతుంది, చలికి ఆవిరి కాక కిందికి దిగుతుంది. మనకు నాలుగు నెలల్లో పడి, మే ఎండకు తిరిగి పైకి లాగబడుతుంది. కరిగిన సున్నం దూరం పోదు, అక్కడే గడ్డకట్టి గులకల్లా మిగులుతుంది. అందుకే, అక్కడ చూసొచ్చి మన రేగడికి సున్నం వేయాలని అనుకోకండి. ఉదజని సూచిక 8 దాటిన నేలలో వేసిన సున్నం డబ్బు దండగే కాదు, ఇనుము, జింకు మొక్కకు అందకుండా చేస్తుంది.

అయోవా రాష్ట్రంలో నేల మన నల్లరేగడి కంటే నల్లగా ఉంది. అక్కడ పత్తి ఎందుకు వేయరు? – నరసరావుపేట

పత్తికి అక్కడ వేడి చాలదు, అంతే. మీ మాటలో అంతకంటే ముఖ్యమైంది రంగు.

మధ్య అయోవాలోకి మంచు ఆఖరుసారి వచ్చింది సుమారు 14 వేల ఏళ్ళ కిందట. అది వదిలిన టిల్ మీద వేల ఏళ్ళు నిలువెత్తు గడ్డి పెరిగింది. ఆ వేళ్ళు మనిషి లోతు దిగి, చచ్చి, చలికి సగమే కుళ్ళి నేలలో కలిశాయి. అక్కడి నలుపు ఆ కుళ్ళిన పదార్థానిది. పల్లపు ‘వెబ్‌స్టర్’ నేలలో సేంద్రియ పదార్థం ఆరు శాతం దాకా ఉంటుంది. మన రేగడిలో సేంద్రియ కర్బనం చాలా పొలాల్లో అర శాతం కూడా తేలదు. మన నలుపు ఉబ్బే జాతి బంకమన్ను, దానికి గట్టిగా అతుక్కున్న కొద్దిపాటి కర్బనం కలిసి ఇచ్చే నలుపు. రంగు చూసి ఎరువు తగ్గించేవాళ్ళు మోసపోయేది ఇక్కడే.

గాజు సీసాలో చూస్తే తేడా తెలుస్తుంది. లీటరు సీసాలో మూడోవంతు జల్లించిన పొడిమట్టి, మెడ దాకా నీళ్ళు, చెంచాడు బట్టల సోడా వేసి పది నిమిషాలు బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఒక్క నిమిషంలో కూర్చున్నది ఇసుక, రెండు గంటలకు కూర్చున్నది సిల్టు, మిగతా బంకమన్ను మర్నాటికీ పూర్తిగా దిగకపోవచ్చు. గట్టుమీది ‘క్లారియన్’ నేలయితే ఇసుక, సిల్టు రెండూ దండిగా కనిపిస్తాయి, బంక పావు వంతుకు అటూ ఇటూ. రేగడిలో బంకే సగం ఉండవచ్చు. అందుకే మన చేను వేసవిలో కాలు దిగేంత నెర్రెలు విచ్చుతుంది, అక్కడిది అట్లా విచ్చదు.

ఇంకో సంగతి. అక్కడ గట్టు మీద క్లారియన్, వాలులో నికొలెట్, గుంటలో వెబ్‌స్టర్, మూడూ ఒకే కమతంలో వస్తాయి. గుంట అంచున సున్నం పైకి తేలి సోయా ఆకు పచ్చటి ఈనెలతో పసుపు తిరుగుతుంది. మన వేరుశనగలో ఇనుపధాతు లోపం చూసినవాళ్ళు దాన్ని వెంటనే గుర్తుపడతారు. మనం లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి వారానికోసారి రెండు మూడుసార్లు పిచికారీ చేస్తాం. వాళ్ళు ముఖ్యంగా తట్టుకునే రకం విత్తనం ఎంచుకుంటారు.

టిల్ నేలలో రెండో పొర పెడ్డ విరిస్తే మెరుపు కనిపిస్తుందని చదివాను. రేగడి పెడ్డకూ మెరుపుంటుంది. రెండూ ఒకటేనా? – వ్యవసాయ విద్యార్థిని, బాపట్ల

కాదమ్మా. పరీక్షలో చాలామంది తడబడేది దీనిదగ్గరే.

మయామిలో అరమీటరు లోతు నుంచి కోడిగుడ్డంత పెడ్డ తీసి, కోయకుండా చేత్తో విరవండి. విరిగిన ముఖం మీద పలచటి వార్నిష్ పూసినట్టు పొర ఉంటుంది, పెడ్డ లోపలి రంగుకంటే ముదురు. భూతద్దంతో చూస్తే అది వేరు బొరియల లోపలి గోడలకూ అంటి ఉంటుంది. నీటితో పాటు పైనుంచి దిగిన సన్నటి బంక అట్లా పేరుకుంది. సూదితో గీరితే పెచ్చులా లేస్తుంది.

రేగడిలో మెరుపు రాపిడిది. తడికి ఉబ్బిన మట్టి పక్కమట్టిని ఏటవాలుగా నెడుతూ జరిగితే ముఖం నునుపెక్కుతుంది. దానిమీద ఒకే దిక్కుకు సన్నటి గీతలుంటాయి, గీరితే లేచే పెచ్చు ఏదీ ఉండదు. ముఖం కూడా అరచేతికి మించిన పెద్దది. బొరియలో మెరుపుంటే అది రాపిడి కాదు, ఈ ఒక్క గుర్తు చాలు.

అక్కడ పొలం కింద ప్లాస్టిక్ గొట్టాలు వేసి మురుగు తీస్తారట. మా మాగాణిలో వేయిస్తే మినుము దక్కుతుందా? – రేపల్లె

ముందు వాళ్ళ పద్ధతి. చదునైన టిల్ నేలల్లో నీరు ఎటూ పోదు. అందుకని మూడు నాలుగు అడుగుల లోతున, 4 అంగుళాల చిల్లుల గొట్టం, 50 నుంచి 100 అడుగులకొక వరుస వేస్తారు. వెనక కాల్చిన మట్టి పెంకు గొట్టాలు వాడేవారు, ఇప్పటికీ ‘టైల్’ అనే పేరు పోలేదు. అమెరికాలో 1838లో న్యూయార్క్ రాష్ట్రంలో జాన్ జాన్‌స్టన్ అనే రైతు తన పొలంలో వీటిని పరిచాడు. ఆయన స్కాట్లండ్‌లో పుట్టినవాడు. ఆ పొలమూ మంచు తెచ్చిన మట్టే.

గొట్టం బిగిసిన టిల్ లోపలికి దిగితే దండగ, నీరు దానిదాకా రాదు. టిల్ పైపైకే ఉన్నచోట లోతు తగ్గించి దానికి పైనే వేయాలి. వాలు వంద మీటర్లకు కనీసం 10 సెంటీమీటర్లు కావాలి. మధ్యలో ఒక్కచోట ఎదురువాలు పడితే అక్కడ సిల్టు కూర్చుని గొట్టం పూడుతుంది. ఇనుము ఎక్కువున్నచోట ఎర్రటి జిగట చిల్లుల్ని మూసేస్తుంది. ఇంకో నష్టం, నీటితో పాటు నత్రజని కూడా పోతుంది.

మీ దగ్గర మొదటి ప్రశ్న గొట్టం కాదు, నీరు వదిలే చోటు. మీ మురుగు కాలువలో వానాకాలం నీటిమట్టం పొలం కంటే కనీసం నాలుగడుగులు దిగువన ఉంటుందా? సముద్రం పోటుకు, పూడికకు కాలువ ఎదురుతన్నితే గొట్టం వెనక్కి నీళ్ళు తెస్తుంది, అదీ ఉప్పునీళ్ళు. అప్పుడు గుంట తవ్వి మోటారు పెట్టాలి, ఆ ఖర్చు ఒక్క కమతం మోయలేదు. బాపట్లలోని ఉప్పునేలల పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఉప్పుగుండూరు, కోనంకి ప్రాంతాల్లో భూగర్భ గొట్టాలు వేసి పరీక్షించారు. వేయించే ముందు వాళ్ళను కలవండి.

ఈలోగా ఒక పని చేయండి. బోరు బరమాతో ఐదడుగుల గుంట తీసి, నీరు నిలకడగా చేరేదాకా ఆగి, తోడేసి, ఎన్ని నిమిషాల్లో ఎంత ఎత్తు తిరిగి ఊరిందో కర్ర పెట్టి రాసుకోండి. గబగబా ఊరితే వరుసల మధ్య ఎడం ఎక్కువ పెట్టవచ్చు. పూటంతా ఆగినా జానెడు రాకపోతే గొట్టాలు మరీ దగ్గరగా కావాలి. అంతకంటే వరి కోతకు ముందు గట్ల వెంట అడుగున్నర లోతు బోదె తీయడమే చౌక. మినుముకు ముప్పు ముఖ్యంగా పైన నిలిచే నీరు.

అక్కడి పొలాల్లో ఎన్నిసార్లు ఏరినా ఏటా రాళ్ళు తేలతాయట, నిజమేనా? – మంగళగిరి

నిజం. రాయి మట్టికంటే త్వరగా చల్లబడుతుంది. దాని కిందున్న తడి ముందు గడ్డకట్టి రాయిని ఎత్తుతుంది. కరిగేటప్పుడు పక్కమట్టి ఆ ఖాళీలోకి జారి రాయిని మళ్ళీ దిగనివ్వదు. ఏటికి కొంచెం కొంచెంగా పైకి వస్తుంది. నేల గడ్డకట్టని మన దగ్గర ఈ బెడద లేదు, మన చేలో రాళ్ళు తేలితే చాలావరకు పైమట్టి కొట్టుకుపోతోందని అర్థం.

తెలుగు నేల మీద ఇట్లాంటి మట్టి ఎక్కడైనా ఉందా? – ఉపాధ్యాయుడు, విజయవాడ

సాగుచేసే మట్టిగా లేదు. ఆ మంచు మనదాకా రాలేదు. మన దేశంలో అయితే లద్దాఖ్, లాహౌల్-స్పితి లోయల్లో మంచు పోసిన మట్టి మీద సాగు ఉంది. కానీ అంతకు ముందెప్పుడో, దాదాపు 30 కోట్ల ఏళ్ళ కిందట, ఈ భూభాగం దక్షిణ ధ్రువం వైపు ఉన్నప్పుడు పడిన టిల్ ఇప్పుడు రాయిగా గోదావరి లోయలో బొగ్గు పొరలకు అడుగున ఉంది. ఒడిశాలోని తాల్చేరు పేరు మీద దాన్ని తాల్చేరు రాతివరస అంటారు.

పిల్లలకు చూపించాలంటే గులకరాయి చాలు. ప్రకాశం బ్యారేజీ కింద ఇసుకలో దొరికే గులక అన్ని వైపులా గుండ్రం, నీళ్ళలో దొర్లింది కాబట్టి. మంచు కింద ఈడ్చుకొచ్చిన రాయికి ఒకటి రెండు ముఖాలు సానపట్టినట్టు చదునుగా ఉంటాయి, వాటి మీద మేకుతో గీసినట్టు వరుస గీతలుంటాయి. రాయి తడిపి, ఎండ పక్కనుంచి పడేట్టు పట్టుకుంటే ఆ గీతలు బాగా కనిపిస్తాయి.